దూప

మా అత్త దేవవ్వ దగ్గర రెండు సంగతుల్లో ఎవరి మాటా చెల్లేది కాదు. ఒకటి పెరట్లో మల్లెచెట్టు, రెండోది ఇంట్లో బాలింత. మిగతా అన్నింట్లో మెత్తటి మనిషే. కూరలో ఉప్పెక్కువైనా ఊరుకునేది, సినిమాకు పోతామంటే పొమ్మనేది. పెండ్లయి నాలుగేండ్లయినా నాకు కడుపు పండలేదని వాడకట్టులో ఎవరన్నా నోరు జారితే, ఆ నోరు ఆమే మూయించేది. ఆ రెండు సంగతులు వచ్చాయంటే మాత్రం మా మామ కూడా మెల్లగా సాంచెల షెడ్డులోకి తప్పుకునేవాడు.

మాది సిరిసిల్ల. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచెలున్నాయి. కరెంటు మగ్గాలను మేం అట్లనే అంటాం. పొద్దున ఏడింటికి అవి మొదలయ్యాయంటే పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినబడదు. అందుకే షెడ్డులో అందరివీ సైగలే. చెయ్యి బోర్లిస్తే సాంచె ఆపు, వేలు గిరగిర తిప్పితే నూలు కండె మార్చు, బొటనవేలు నోటికి చూపిస్తే నీళ్లు. మామ రామచంద్రం షెడ్డు తలుపులో నిలబడి బొటనవేలు నోటి దగ్గర పెట్టాడంటే నేను చెంబు పట్టుకుని పరుగెత్తాలి. మా ఇండ్లల్లో పిల్లలు మాటలకంటే ముందు ఈ సైగలు నేర్చుకుంటారు.

ఇంటికీ షెడ్డుకూ నడుమ చిన్న పెరడు, నడిమి అర్ర కిటికీ కింద బొండుమల్లె పొద. అత్త కాపురానికి వచ్చిన ఏడు పెట్టిందట. పుష్యమాసం రాగానే దానికి నీళ్లు బంద్. నాలుగు రోజులు ఎండనిచ్చి అత్త పీట వేసుకుని కూర్చునేది. ఒక్కో కొమ్మనూ కింది నుంచి పైకి పిడికిట పట్టి సర్రున ఆకు దూసేది. ముదురు కొమ్మల్ని కత్తెరతో సగానికి కోసేది. మొదట్లో మట్టి తవ్వి వేర్లకు ఎండ తగిలేట్టు వదిలేసేది. ఇక రథసప్తమి దాకా చుక్క పడొద్దు. ఆ రోజుల్లో కొత్తవాళ్లు ఎవరన్నా చూస్తే పొయ్యిలోకి పుల్లలు పాతిపెట్టుకున్నారేమో అనుకుంటారు. రథసప్తమి నాడు ఎరువు వేసి, మట్టి కప్పి, రెండు బక్కెట్ల నీళ్లు విడిచేవాళ్లం. ఉగాదికల్లా ఆకు కనబడకుండా పూలు.

"కడుపు మాడితెనే పూస్తది," అనేది అత్త. "నీళ్లు పోసుకుంట కూసుంటె ఆకు ఏస్తది గని పువ్వు ఎయ్యది."

ఆ మాట నిజం. నాలుగు ఉగాదులు నా కండ్లతో చూశాను. అబద్ధమై ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనుకుంటాను.

ఆ ఏడు అత్త ఆకు దూస్తుంటే నా ఆడబిడ్డ రోజారాణి నిండు నెలలతో పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. తొలి కానుపుకు పుట్టింటికి వచ్చింది. ఆమె అత్తగారిది మెట్‌పల్లి, భర్త సాయిచంద్ అక్కడ సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. రోజా వచ్చిందంటే ఇంట్లో మాటలన్నీ ఆమెవే. సాంచెల చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి పెరిగిన గొంతు, రహస్యం చెప్పినా నాలుగిండ్లకు వినబడుతుంది. కరెంటు పోయినప్పుడు ఆమె మొగుడితో ఫోన్‌లో ముచ్చట పెడితే మామ షెడ్డులోంచి గట్టిగా దగ్గేవాడు. అయినా ఆపేది కాదు.

"జర పైపైన దూయరాదే అవ్వా," అంది ఆ రోజు. "గంత బోడగ చేస్తె దానికి సలి పెట్టదా?"

"నీ సీర కప్పు మరి," అంది అత్త, చేతిపని ఆపకుండా.

రోజా నిజంగానే కొంగు తీసి కొమ్మల మీద కప్పబోయింది. కడుపు అడ్డం వచ్చి వంగలేకపోయింది. ముగ్గురం కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆమె మాట్లాడగా, నవ్వగా నేను మనసారా విన్నది అదే ఆఖరు అని చెప్పను కానీ, గుర్తున్నది మాత్రం అదే.

రథసప్తమి ఇంకా రెండు వారాలుందనగా ఆడపిల్ల పుట్టింది. ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆరో రోజు దవాఖాన నుంచి పంపుతూ నర్సమ్మ మందుల కాగితం నా చేతికిచ్చి అత్తకూ నాకూ కలిపి చెప్పింది. నీళ్లు బాగా తాగించాలట, అన్నీ తిననివ్వాలట, లేపి నడిపించాలట. అత్త బుద్ధిమంతురాలిలా తల ఊపింది. ఆటో ఎక్కినాక నాతో అంది, "గామెకేంది, చెప్తది పోతది. రేపేమన్న అయితె పడేది మనం."

నడిమి అర్రలో, కిటికీ పక్కన మంచం వేశారు. రోజా చెవుల్లో పత్తి, తలకు గుడ్డ, నడుముకు పాత చీర. ఎల్లిపాయ కారంతో వేడి అన్నం. పొద్దున ఒక గిలాస, మాపటికి ఒక గిలాస కాచిన నీళ్లు. టీ తాగే చిన్న గిలాస అది. ఇరవై ఒకటో రోజు పురుడయ్యేదాకా అంతే. పచ్చి ఒంటికి నీళ్లు ఎక్కువైతే నంజు చేస్తుందని, కుట్లు చీము పడతాయని, తల్లి నీళ్లు తాగితే పాలల్లోంచి పిల్లకు దగ్గు అంటుతుందని అత్త నమ్మకం. ఆమె ఒక్కతిదే కాదు, మా వాడకట్టులో పెద్దోళ్లు ఎవరిని అడిగినా అదే చెప్పేవాళ్లు. రోజా కూడా మొదటి రెండు రోజులు ఎదురు చెప్పలేదు. తల్లి అయ్యే లెక్కలో ఇదీ ఒకటి అనుకున్నట్టుంది.

మూడో రోజు నన్ను పిలిచింది. పిల్ల నిద్రపోతోంది, అత్త కూరగాయలకు పోయింది.

"దూపైతుంది వదినె," అంది. "నాలుక అంగిట్లకు అతుకుతుంది. జర ఇయ్యరాదు."

పెద్ద గ్లాసు నిండా ఇచ్చాను. గటగటా తాగి ఇంకోటి అడిగింది, అదీ ఇచ్చాను. గెలిచినట్టు ఇద్దరం ముఖాలు చూసుకుని నవ్వుకున్నాం. మర్నాడూ ఇచ్చాను. ఆ పై రోజు ఇస్తుండగా అత్త లోపలికొచ్చింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రోజా చేతిలోంచి గ్లాసు మెల్లగా తీసుకుని, నన్ను వంటింట్లోకి పిలిచి, కడప మీద కూర్చుంది. తన అక్క సంగతి చెప్పింది. ఆ అక్కను బోథ్ దగ్గరి ఊరికి ఇచ్చారట. కానుపైన తొమ్మిదో రోజు ముంతెడు చన్నీళ్లు తాగిందట, సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుని రెండు రోజుల్లో పోయిందట. అప్పుడు అత్తకు పన్నెండేండ్లు. బావి నుంచి తెచ్చిన ముంత అక్కకు అందించింది తనేనట. ఇది చెప్తున్నప్పుడు అత్త గొంతు పన్నెండేండ్ల పిల్ల గొంతులానే ఉంది.

నాకు జాలి కలిగింది. అయినా ఊరుకోలేదు. అప్పుడంటే బావి నీళ్లు, ఇప్పుడు కాచిన నీళ్లు, నర్సమ్మ కూడా చెప్పింది కదా అని వాదించాను. 

"గవన్ని కన్నోళ్లకు ఎర్కుంటయి నవీనా," అంది. "నీకేం ఎర్క?"

నాలుగేండ్లలో ఆ మాట ఆమె నోటి నుంచి ఎన్నడూ రాలేదు. అన్నాక ఆమె ముఖం కూడా చిన్నబోయింది. నా చెయ్యి పట్టుకోబోయింది. నేను లేచి వచ్చేశాను. నేనూ తక్కువ దాన్ని కాదు. సరే, నీ బిడ్డ నీ ఇష్టం అనుకున్నాను. ఆ పూట నుంచి రోజాకు దొంగచాటు నీళ్లు ఇవ్వడం మానేశాను. అత్తకు భయపడి కాదు, ఆమె చెప్పింది నమ్మీ కాదు. ఉక్రోషంతో. ఈ సంగతి దాచుకోవడంలో అర్థం లేదు కాబట్టి ఇక్కడే చెప్తున్నాను.

రోజా అడిగితే "మీ అవ్వనడుగు" అనేదాన్ని. అడిగేది. అత్త తడిగుడ్డతో పెదాలు తుడిచి, ఇంకో పదిరోజులు ఓర్చుకో బిడ్డా అని గడ్డం పట్టుకునేది. ఆమె కండ్లలో కూడా నీళ్లు తిరిగేవి. బిడ్డ మీద ప్రేమ లేక చేసిన పని కాదది.

షెడ్డులోకి పోవాలంటే నడిమి అర్ర దాటాలి. రోజుకు ఎనిమిదిసార్లు మామ బొటనవేలు చూపించేవాడు, ఎనిమిదిసార్లు నేను చెంబు నింపుకుని రోజా మంచం పక్క నుంచి పోయేదాన్ని. ఆమె కండ్లు నా ముఖం వైపు కాక చెంబు వైపు తిరిగేవి. పోయేటప్పుడు నిండు చెంబు, వచ్చేటప్పుడు ఖాళీ చెంబు. రెండు రోజులు చూసి, నేను చుట్టు తిరిగి సందులోంచి పోవడం మొదలుపెట్టాను.

కానుపైన పదకొండో రోజు నుంచి తలనొప్పి అంది. అత్త తల గుడ్డ ఇంకా బిగించి కట్టింది, సాంబ్రాణి పొగ వేసింది, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. మా ఆయన నాగరాజు ఒకసారి దవాఖానలో చూపిద్దాం అన్నాడు. పచ్చి బాలింతను గాలికి తిప్పితే మీద పడ్డది ఇంకా పెద్దదవుతుందని అత్త అంది. ఆయన నా వైపు చూశాడు, నేను కూడా గట్టిగా అంటే పోయేవాళ్లమే. నేను బియ్యం ఏరుతూ కూర్చున్నాను. కననిదాన్ని, నాకేం తెలుసు.

మూడు రోజుల్లో రోజా మాటలు తగ్గిపోయాయి. సాయిచంద్ ఫోన్ చేస్తే ఆ, ఊ అనేది. పాలు చాలక పిల్ల ఏడ్చేది. ఆ ఇంట్లో రోజా నోరు మూతపడటం ఎన్నడన్నా జరిగిందా అని ఒక్కరం కూడా ఆగి అనుకోలేదు. బాలింత కదా, నీరసం అనుకున్నాం.

రథసప్తమి పొద్దున అత్త తలకు పోసుకుని సూర్యుడికి దండం పెట్టుకుంది. మల్లె మొదట్లో పశువుల ఎరువు వేసి మట్టి కప్పింది. మోకాళ్ల నొప్పులతో బక్కెట్లు మోయలేదు కాబట్టి నీళ్లు నన్ను పొయ్యమని చెప్పి, పిల్లకు నూనె పెట్టి స్నానం చేయించడానికి ముందరికి పోయింది. నేను నల్లా దగ్గర బక్కెటు నింపుకుని వచ్చాను. కరెంటు లేదు, సాంచెలు ఆగి ఉన్నాయి. అందుకే ఆ పొద్దున అన్నీ వినబడ్డాయి.

నెల రోజులు ఎండిన మట్టి. చెంబుతో పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోతున్నాయి, లోపల ఎక్కడో బుడబుడమని చిన్న చప్పుడు. ఆ చప్పుడుకు రోజా మంచం మీద జరిగి కిటికీ దగ్గరికి వచ్చింది. చువ్వలు పట్టుకుని చూస్తోంది. తల గుడ్డ కనుబొమ్మల దాకా ఉంది. పెదాలు పగిలి తెల్లగా పొట్టు లేచాయి.

"ఇయ్యాల ఇడిచిండ్రా దానికి?" అంది.

"ఆ. రథసప్తమి గదా."

"ఎన్ని దినాలైంది?"

"నెల."

కొంచెంసేపు నీళ్ల వైపే చూసింది. "నాకింక వారం ఉన్నది," అంది.

దెప్పడానికి అనలేదు. లెక్క చూసుకుంది, అంతే. తర్వాత కుడిచెయ్యి చువ్వల్లోంచి బయటికి చాపి అరచెయ్యి పట్టింది. నా చేతిలో చెంబు నిండుగా ఉంది. ఆ చేతికీ చెంబుకూ మూరెడు దూరం.

"మీ అవ్వనడుగు," అన్నాను.

చెంబు మల్లె మొదట్లో వంచేసి, రెండో బక్కెటు కోసం నల్లా దగ్గరికి పోయాను. తిరిగి వచ్చేసరికి కిటికీలో చెయ్యి లేదు. బక్కెటు మొత్తం పోసి, కాళ్లు కడుక్కుని, పొయ్యి దగ్గరికి పోయాను.

మర్నాడు పొద్దున పిల్ల ఆగకుండా ఏడుస్తుంటే పోయి చూశాను. రోజా కండ్లు తేలేసి ఉంది. కుడి పక్కంతా మంచానికేసి కొట్టుకుంటోంది, నోట్లోంచి నురగ. నేను అరుచుకుంటూ షెడ్డు తలుపులోకి పరుగెత్తి చెయ్యి బోర్లించాను, సాంచెలు ఒకటొకటిగా ఆగాయి. అత్త ఉరికి వచ్చి గాలి సోకిందని గుప్పెడు ఉప్పు తెచ్చింది. నాగరాజు ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు జరిపి అంబులెన్సుకు ఫోన్ చేశాడు. తల్లి చెయ్యి అట్లా జరపడం నేను మొదటిసారి చూశాను. నాలుగు రోజుల ముందు చేయాల్సిన పని అది.

కరీంనగర్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. తలకు స్కానింగ్ తీశారు. సాయంత్రం ఒక డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచాడు. చిన్న వయసువాడు, ఓపికగా చెప్పాడు. తలలో ఒక రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందట. బాలింతల్లో అప్పుడప్పుడు ఇట్లా అవుతుందట. ఒంట్లో నీళ్లు తగ్గితే అయ్యే భయం ఇంకా ఎక్కువట. కాగితం మీద రాసుకుంటూ అడిగాడు.

"ఇంటికి పోయినంక నీళ్లు మంచిగ తాగిందా అమ్మా?"

మామ నేల చూపులు చూశాడు. నాగరాజు గోడ మీద ఏదో బొమ్మ చూశాడు.

"తాగింది సారు," అంది అత్త.

డాక్టరు తలెత్తి నా వైపు చూశాడు. అనుమానంతోనో, పక్కన నిలబడ్డాననో, నాకు తెలియదు. అత్త నా వైపు చూడలేదు. 

"మస్తు తాగింది," అన్నాను.

ఆయన రాసుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది.

ఇరవై రెండు రోజులకు రోజాను ఇంటికి తెచ్చాం. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలు ఈడుస్తోంది. గొంతు ఉంది గానీ మాట దొరకదు. ఏదో చెప్పాలని నోరు తెరుస్తుంది, ఒకటే అక్షరం మళ్లీ మళ్లీ వస్తుంది, విసిగి ఊరుకుంటుంది. మెల్లమెల్లగా మాట రావచ్చని, ఈలోపు కావలసినవి అడగడానికి సైగలు నేర్పమని దవాఖానలో చెప్పారు. మాకా సైగలు నేర్పడం? మామ రోజూ ఒక గంట సాంచెలు ఆపి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. అన్నం, నొప్పి, బయటికి పోవాలి, పిల్లను ఇవ్వు. ఎడమచేత్తో రెండు రోజుల్లో అన్నీ పట్టుకుంది, చిన్నప్పటి నుంచి చూసినవే కదా. చివరికి మామ బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించాడు. రోజా ఆయన వేలు వైపు చూసింది. ముఖం పక్కకు తిప్పుకుంది.

మర్నాడూ అంతే, ఆ పై రోజూ అంతే. నాలుగో రోజు మామ వేలు పెట్టబోయి, పెట్టలేక, లేచి షెడ్డులోకి పోయాడు. సాంచెలు వెయ్యలేదు.  అప్పటి నుంచి ఈ రోజు దాకా రోజా ఆ ఒక్క సైగ చెయ్యలేదు. అడగదు కాబట్టి గంట గంటకూ పెద్ద స్టీలు గ్లాసు నిండా నీళ్లు నేనే తీసుకుపోయి ఆమె పక్కన పెట్టడం అలవాటైంది.

ఉగాది వచ్చింది. మల్లె ఎన్నడూ లేనంత పూసింది. వాడకట్టు ఆడవాళ్లు గోడ మీదుగా చూసి నోరు నొక్కుకున్నారు, ఒక దోసెడు ఇస్తావా దేవవ్వా అని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. అత్త తెంపలేదు, నన్ను తెంపమనలేదు. రాలిన పూలను పొద్దున పొద్దున ఊడ్చి మోరీలో పోసేది. నడిమి అర్ర కిటికీ మూసినా వాసన లోపలికి వస్తూనే ఉండేది.

తర్వాతి వారం సాయిచంద్, వాళ్లమ్మ యాదవ్వ వచ్చారు. పిల్ల అప్పటికే డబ్బా పాలకు అలవాటు పడింది. రోజా జర కోలుకున్నాక ఇద్దరినీ ఒక్కసారే పంపండి, అప్పటిదాకా పిల్లను మేం చూసుకుంటాం అని యాదవ్వ చెప్పింది, రోజా వైపు చూడకుండా. తప్పని అనలేం. ఒక చేత్తో పిల్లను ఎత్తుకోవడం రోజాకు చేతకావడం లేదు. పిల్లను ఎత్తుకుని లేస్తుంటే రోజా ఎడమచేత్తో పిల్ల పాదం పట్టుకుంది. యాదవ్వ ఒక్కో వేలూ విడిపించాల్సి వచ్చింది. సాయిచంద్ మొదట ప్రతి ఆదివారం వచ్చాడు. వానలు పడేసరికి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. మాట రాని మనిషితో ఫోన్‌లో ఎంతసేపు మాట్లాడతాడు.

మళ్లీ పుష్యం వచ్చింది. అత్త పీట వేసుకుని మల్లె ముందు కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. ఇంత జరిగినాక కూడా ఏం మనిషి ఈమె అనుకున్నాను. అడిగితే, ఉగాదికి పిల్లను తీసుకొస్తామని మెట్‌పల్లి వాళ్లు అన్నారని, పిల్ల వచ్చే నాటికి ఇంట్లో పూలుండాలని చెప్పింది. ఆకంతా దూసింది. కొమ్మలు కోసింది. నీళ్లు బంద్.

పది రోజులకే చెట్టు చిగురేసింది. ఎండాల్సిన చెట్టు పచ్చగా ఆకులు పెడుతోంది. అత్త మొదట్లో వేలు గుచ్చి చూసింది. తడిగా ఉంది.

"నువ్వేనా పోసేది?" అని అడిగింది నన్ను.

నాకేం పని అన్నాను. నమ్మలేదు. ఇద్దరం రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం పెరట్లో మిరపకాయలు ఎండబోస్తున్నాం, ఆమె ఒక కొసన, నేను ఒక కొసన. అంతకుముందే రోజాకు గ్లాసు ఇచ్చి వచ్చాను. ఎప్పుడు పోయినా ఖాళీ గ్లాసే ఉండేది కాబట్టి మొత్తం తాగుతోందనే అనుకునేదాన్ని.

కిటికీలో రోజా కనబడింది. ఎడమచేత్తో గ్లాసెత్తి సగం తాగింది. తర్వాత మోచెయ్యి కిటికీ అంచు మీద ఆన్చి, గ్లాసును చువ్వల్లోంచి బయటికి పెట్టి, మిగతా సగం మల్లె మొదట్లో వంచింది. నింపాదిగా, చుక్క పక్కకు పోకుండా. చాలా రోజుల నుంచి చేస్తున్న పని అని చూస్తేనే తెలుస్తోంది. వంచుతూ వంచుతూ తలెత్తి వాళ్ల అవ్వను చూసింది. ఆపలేదు. ఆఖరు చుక్క దాకా పోసి, గ్లాసు దులిపి లోపలికి తీసుకుంది.

అత్త చేతిలో చాట అట్లనే ఉండిపోయింది. కాసేపటికి కింద పెట్టింది.

"అడిగింది," అంది. నాతో కాదు, మిరపకాయల వైపు చూస్తూ. "మస్తుసార్లు అడిగింది. తాగలే. నేనే తాపలే."

డాక్టరుకు చెప్పాల్సిన మాట ఏడాది తర్వాత పెరట్లో చెప్పింది. నాది ఇంకా నా దగ్గరే ఉంది.

"నన్ను సుత అడిగింది అత్తా," అన్నాను. "రథసప్తమి నాడు. గీ కిటికీలకెళ్లే, చెయ్యి చాపి. నా చేతిల చెంబు ఉండె."

అత్త నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.  మోకాళ్లు పట్టుకుని లేచి నల్లా దగ్గరికి పోయింది. బక్కెటు సగం నింపి, నేను అందుకోబోతే ఇవ్వకుండా, తనే ఈడ్చుకుంటూ తెచ్చి మల్లె మొదట్లో పోసింది. రథసప్తమికి ఇంకా పన్నెండు రోజులుంది. అడుగున మిగిలిన నీళ్లు వదిలేసి, మళ్లీ పోయి చెంబెడు మంచినీళ్లు తెచ్చి కిటికీ చువ్వల దగ్గర పట్టుకుని నిలబడింది. చాలాసేపు నిలబడింది. రోజా చెయ్యి చాపలేదు, ముఖం తిప్పుకోనూ లేదు. తల్లిని చూస్తూ కూర్చుంది. చివరికి అత్త ఆ నీళ్లు కూడా చెట్టుకే పోసి లోపలికి పోయింది.

ఆ ఏడు మా మల్లె పూయలేదు. ఆకు మాత్రం కిటికీ సగం మూసుకుపోయేంత వేసింది. ఉగాదికి మెట్‌పల్లి వాళ్లు కూడా రాలేదు. ఇప్పుడు అత్త దానికి రోజూ పొద్దున నీళ్లు పోస్తుంది, వానాకాలంలో కూడా. ఎండగట్టకపోతే ఎట్లా పూస్తుందని వాడకట్టు ఆడవాళ్లు అడుగుతారు. దానికి దూపైతది అంటుంది అత్త, ఇంకేం చెప్పదు.